పగిలిన గాజుల గొట్టం

లోగనాథన్ సంచిలో చెయ్యి పెట్టింది నేనే. ల్యాబ్ గది బయట గోడకు ఒక మేకుంది. రోజూ ఆ మేకుకు తన గుడ్డసంచి తగిలించి లోపలికి పోతాడు. ఆ రోజు అతను కుళాయి దగ్గర గాజు సామాను కడుగుతుంటే నేను సంచి దించి చూశాను. టిఫిన్ డబ్బా, దాని కింద తుండు, తుండులో ఒక మూట. మూట విప్పితే అన్నీ పగిలిన మట్టిగాజులు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, గోరంత గోరంత ముక్కలు.

నేను వెతికింది పెట్రోల్ సీసా కోసం. దొరికింది ఇది. పగిలిన గాజులు మూటకట్టుకుని తిరిగే మగమనిషిని అంతకుముందు నేను చూడలేదు. గబగబా మూట కట్టేసి, ముడి అతను వేసినట్టే వేశాననుకుని సంచి మేకుకు తగిలించాను.

లోగనాథన్ తమిళనాడులో, గుడియాత్తంలో మా మామ రంగరాజులు నడిపే స్కూల్లో ల్యాబ్ అటెండర్. యాభై దాటిన మనిషి. సన్నగా, వంగిన భుజాలతో, మగ్గం ముందు నుంచి ఇప్పుడే లేచి వచ్చినట్టు ఉంటాడు. పుట్టింది నేత ఇంట్లోనే. ఎనిమిదో తరగతి దాకా తమిళంలో చదివి, తర్వాత లుంగీలు నేశాడు. పదిహేడేళ్ల కింద స్కూలు బెంచీలకు రంగు వేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కానీ ఒక్క తెలుగు అక్షరం చదవలేడు. ల్యాబ్ లో సీసాల మీద ఉండే ఇంగ్లీషూ అంతే. ఏ సీసాలో ఏముందో వాసన చూసి చెబుతాడు. పదిహేడేళ్లుగా అతనిది తాత్కాలిక ఉద్యోగమే. వద్దంటే మరునాడు ఇంటికి పోవాలి.

ఆ సంవత్సరం స్కూలుకు ల్యాబ్ అటెండర్ పోస్టు ఒకటి శాశ్వతంగా వచ్చేలా ఉంది. మార్చిలో వేలూరు నుంచి ఆఫీసరమ్మ వచ్చి ల్యాబ్ చూస్తుంది. ఒక ప్రయోగం కళ్ల ముందు చేయించుకుని, అటెండర్ పేరు కాగితంలో రాసుకుపోతుంది. ఆ పేరు లోగనాథన్ అని స్కూలంతా అనుకుంటోంది. మామ అనుకోలేదు.

నేను అప్పటికి చిత్తూరు దగ్గర కాలేజీలో రెండేళ్లు కెమికల్ ఇంజనీరింగ్ వెలగబెట్టి మానేసి వచ్చి ఉన్నాను. ఎందుకు మానేశానో ఇక్కడ అక్కర్లేదు. మామ నన్ను ఆఫీసు గదికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఒరే గోకులా, ఊరికే బండేసుకోని తిరిగేదానికి బదులు స్కూల్లో కూర్చో. ల్యాబ్ లో పెట్రోలు పోతా ఉండాది, కిరసనాయిలు పోతా ఉండాది. ఆ లోగనాథన్ మింద ఒక కన్నెయ్యి."

"పోతా ఉండాదని ఎట్ల తెలుసు మామా?"

"ప్రయోగం సీసా ఇంటికి ఎత్తుకపోతాడురా! స్కూలు సీసాకు వాని ఇంట్లో ఏం పని? పోయిన వారమే ఆపించినా."

"పట్టుకుంటే?"

"పట్టుకుంటే ఆఫీసరమ్మ వచ్చే దినం ల్యాబ్ తాళం నీ చేతిలో ఉంటాది. తాళం ఎవురి చేతిలో ఉంటే వాళ్ల పేరే కాగితంలో ఎక్కేది. నీకూ ఒక దారి దొరుకుతాది, మీ అమ్మకూ నిద్ర పడతాది."

డ్రాయర్ లోంచి ల్యాబ్ బీరువా రెండో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. నేను వద్దనలేదు. నాకు ఆ ఉద్యోగం కావాలి. పైగా లోగనాథన్ దొంగే అని ఆ పూటకే నమ్మేశాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు, నవ్వడు, చేతులు ఎప్పుడూ కిరసనాయిలు వాసన. అంతకంటే ఏం కావాలి?

ఆఫీసరమ్మకు చూపించడానికి సైన్సు చెప్పే శశికళ టీచర్ ఎంచుకున్నది ముడిచమురు పాఠం. భూమిలోంచి తీసిన నల్లని చమురును కాచి, ఆవిరి చేసి, ఏ వేడికి ఏది లేస్తే దాన్ని వేరే గొట్టంలో పట్టుకోవడం. తేలికది ముందు లేస్తుంది, బరువుది వెనక. నిజం ముడిచమురు స్కూళ్లకు ఎవరిస్తారు? అందుకని ఏటా లోగనాథన్ తనే ఒకటి కలుపుతాడు. పెట్రోలు, కిరసనాయిలు, కొంచెం డీజిల్, మెకానిక్ షెడ్డులో ఇచ్చే కాలిన ఇంజన్ ఆయిల్. అన్నీ కలిపి అర లీటరు. దానికి అతను పెట్టుకున్న పేరు కూటు.

"నాలుగు కూరగాయలు ఏసి కలిపితే కూటే గదప్పా. తినేది కాదు, అంతే తేడా," అన్నాడు నేను అడిగితే.

"ఇప్పుడే ఎందుకన్నా కలిపేది? ఆఫీసరమ్మ వచ్చేదానికి ఇంకా మూడు వారాలుండాది."

"షెడ్డు ఆయిల్లో మట్టి ఉంటాది. అడుక్కు దిగల్ల. దిగినాక పైది వంచుకోవల్ల. గబుక్కున కలిపి గబుక్కున కాస్తే ఫ్లాస్కంతా ఎగిరి దూకుతాది." నా వైపు చూశాడు. "నువ్వు దీన్నే చదువుకున్నావంట గదా, నాయనా?"

గోధుమరంగు సీసాలో కూటు పోసి, కార్కు బిగించి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి మూసి బీరువాలో పెట్టాడు. మైనంలో ఒక నూలు పోగు అంటుకుని ఉంది. నేత ఇంటి మనిషి, ఒంటి నిండా పోగులే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు అతను ఇంటికి భోజనానికి పోతాడు. అప్పుడు నేను నా తాళంతో బీరువా తెరిచేవాణ్ణి. సీసా మీద గీత పెడితే అతనికి తెలిసిపోతుంది కదా, అందుకని ఖచ్చితంగా కొలుద్దామనుకున్నాను. గోటితో మైనం గీకి, కార్కు తీసి, మొత్తం కొలజాడీలో పోశాను. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, గోడలకు అంటుకున్న నూనె కిందికి దిగేదాకా ఆగి, అంకె చూసి, ఫోన్ లో ఫోటో తీసి, జేబులో ఉన్న చిన్న నోట్‌బుక్ లో రాసుకున్నాను. ఐదొందల మిల్లీలీటర్లు. మళ్లీ సీసాలో పోసి, మైనం బొటనవేలితో ఒత్తి పెట్టేశాను.

రెండు రోజులయ్యాక కొలిస్తే నాలుగొందల తొంబై ఆరు. దొరికాడు!

ఇంకో రెండు రోజులకు నాలుగొందల తొంబై ఒకటి.

ఒక్కసారిగా తీస్తే తెలుస్తుందని కొంచెం కొంచెం తీస్తున్నాడు అనుకున్నాను. తెలివైన దొంగ. మామకు చెబితే తొడ మీద చరుచుకున్నాడు.

స్కూలు ఎదురుగా చిన్నమణి టీకొట్టు. లోగనాథన్ ఉండే వీధే చిన్నమణిదీ. నేను ఊరికే అన్నట్టు కదిపాను.

"ఆ మనిషి గురించి అడగబాకు," అన్నాడు చిన్నమణి, పాలు పైకెత్తి పోస్తూనే. "వానింట్లో మగ్గం గుంత చూసినావా? నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత. అందులో సీసాలు పెట్టుండాడంట."

"ఏం సీసాలు?"

"సారాయి కాస్తాడో, సూనియం, అదే చేతబడి చేస్తాడో, ఎవురికి తెలుసు? పోయిన ఆడి నెలలో ఇంటింటికీ తిరిగి, 'పగిలిన గాజులుంటే ఇయ్యండమ్మా' అని అడిగినాడు. మా చెల్లెలింట్లో కూడా అడిగినాడు. అప్పుడు దాని మొగునికి ఆపరేషన్, ఆస్పత్రిలో ఉండాడు. గుమ్మంలోకి వచ్చి గాజులు పగిలినాయామ్మా అని అడిగితే ఆడది ఏమైపోవల్ల చెప్పు? అది ఏడ్చిన ఏడుపు వీధంతా వినింది. ఆ పొద్దు నుంచి మా వీధిలో గాజు చిట్లితే కొంగులో దాచుకోని పోయి దూరంగా పారేస్తారు, వాని కంట పడకుండా."

"మీ చెల్లెలి మొగుడికి ఎట్లుండాది?"

"వాడా? వానికేం, గుండులాగుండాడు. అయినా అడగొచ్చా?"

సంచిలో మూట గుర్తొచ్చింది. పెట్రోలూ గాజులూ సారాయీ ఏ లెక్కన కలుస్తాయో నాకు అర్థం కాలేదు. కలవకపోతే ఏం, మూడూ ఒక మనిషి దగ్గర ఉన్నాయి. ఆ శనివారం అతను వేలూరు బస్సెక్కితే నేనూ వెనక తలుపులోంచి ఎక్కాను.

లాంగ్ బజార్లో తిన్నగా ఒక గాజుల అంగడి ముందు ఆగాడు. అంగడి ఆమెను తంగమ్మా అని పిలిచాడు. నేను పక్కనున్న స్టీలు సామాన్ల కొట్టులో బిందెలు బేరం చేస్తున్నట్టు నిలబడ్డాను. తంగమ్మ బల్ల కింద నుంచి అట్టపెట్టె లాగి అతని ముందు పెట్టింది. ఊడ్చి పోగు చేసిన గాజు పెంకులు.

"ఎప్పుడు చూసినా ఈ పగిలిపొయ్యిందేనా లోగనాథన్నా? ఒక తూరన్నా మంచి డజను కొనుక్కపోయి నీ పెండ్లాం అమరావతికి ఇయ్యకూడదా?"

"ఆమె మగ్గంలో కూర్చుంటే గాజు తగిలి పోగు తెగుతాదమ్మా. ఏసుకోదు."

"ఏసుకోదా, నువ్వు కొనీలేదా?"

అతను వంగి ముక్కలు ఏరుతున్నాడు. ఒక్కోటి ఎండకెత్తి చూస్తాడు, గోటితో గీకుతాడు. బంగారు పూత ఉన్నవి, రంగు లేచేవి, ప్లాస్టిక్ వి పక్కకు తోసేస్తాడు. ఒట్టి గాజు మాత్రం తుండులో వేసుకుంటాడు. సూనియం చేసేవాడికి పూత ఉంటే ఏం, లేకపోతే ఏం? ఆ ప్రశ్న నాకు వచ్చింది. వచ్చినా దాన్ని పట్టించుకోలేదు.

తిరుగు బస్సులో నేను ముందే ఎక్కి కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్నాను. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. కిరసనాయిలు వాసన.

"గోకులప్పా, వేలూర్లో ఏం పని?"

"చెప్పులు కొందామని వచ్చినానన్నా."

"కొన్నావా?"

"సైజు లేదు."

"అంత పెద్ద బజార్లో నీ కాలికి సైజు లేదా?" అన్నాడు. నవ్వలేదు. దారిలో లత్తేరి దాటాక ఒళ్లో ఉన్న సంచి మూతి చూసుకుంటూ మెల్లిగా అన్నాడు. "నేను ముడి ఎడమ పక్కకు ఏస్తా, నాయనా. మగ్గం కాడ తెగిన పోగు అతికేవాళ్లందరూ అట్లే ఏస్తారు. కుడిపక్కకు ఏసుంటే అది బయటోళ్ల ముడి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అయినా లోపల ఒకటే అనుకున్నాను. చూశావా, ముడులు కూడా లెక్కపెట్టుకుంటాడు. ఎంతో దాచిపెట్టుకోకపోతే మనిషికి అంత జాగ్రత్త ఎందుకు?

ఆఫీసరమ్మ రావడానికి మూడు రోజుల ముందు లోగనాథన్ ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు. పెట్రోలు డబ్బా అప్పటికే మామ తన బల్ల కింద పెట్టుకుని ఉన్నాడు. నేనక్కడే కూర్చున్నాను.

"సామీ, కూట్లోకి ఇంకా కొంచెం పెట్రోలు కావల్ల."

"మొదట పోసిందేమైంది?"

"ఎగిరిపోయింది సామీ."

"రెక్కలొచ్చినాయా దానికి?"

"మూత తెరిస్తే వస్తాయి సామీ."

"ఎవురు తెరిచినారు? తాళం నీకాడ గదా ఉండేది?"

లోగనాథన్ నన్ను ఒకసారి చూశాడు. "మునుపు మాదిరి ఇంట్లో మగ్గం గుంతలో పెట్టుకోనిచ్చింటే చల్లగా ఉండును సామీ. ల్యాబ్ మింద రేకు, కింద నిప్పు," అని మాత్రం అన్నాడు.

"పోబ్బా, పో. పెట్రోలూ లేదు, ఏమీ లేదు."

అతను పోయాక మామ నా వైపు తిరిగాడు. "విన్నావా? మింగింది చాలక ఇంకా కావాలంట! ఆ దినం అందరి ముందరే తాళం ఇప్పిస్తా, చూడు."

నా నోట్‌బుక్ లో చివరి అంకె నాలుగొందల యాభై మూడు.

ఆ రోజు పొద్దున పదింటికే ల్యాబ్ లో రేకు కప్పు మండిపోతోంది. పదో తరగతి పిల్లలు గోడ పొడవునా నిలబడ్డారు. ఆఫీసరమ్మ ముందు కుర్చీలో, మామ పక్క కుర్చీలో. నేను తలుపు దగ్గర. లోగనాథన్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద ఇసుక నింపిన ఇనుప గిన్నె, కింద కరెంటు పొయ్యి. ఇసుకలో కూటు ఫ్లాస్కు. ఫ్లాస్కు మీద మూరెడు గాజు గొట్టం నిలబెట్టాడు.

గొట్టం నిండా గాజు ముక్కలే. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. సోడా నీళ్లలో ఉడికించినట్టున్నాడు, కిటికీ ఎండ పడితే తళతళా మెరిశాయి.

ఆఫీసరమ్మ ముందుకు వంగి తమిళంలో అడిగింది, ఇదేమిటని. శశికళ టీచర్ చెప్పింది. ఇందులో మామూలుగా గాజు పూసలు నింపాలి మేడమ్, మాకు పూసలు ఎప్పుడూ రాలేదు, మా లోగనాథన్ గాజులతో చేశాడు. పైకి లేచిన ఆవిరి ఈ ముక్కలకు తగిలి చల్లబడుతుంది. బరువుది కారి కిందికి వస్తుంది, తేలికది పైకి పోతుంది. ముక్కలు ఎంత ఎక్కువుంటే అంత బాగా విడిపోతుంది.

నేను కాలేజీలో దీన్ని చదివాను. బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మూట విప్పిన రోజున నాకు సూనియం గుర్తొచ్చింది గానీ ఇది గుర్తు రాలేదు.

పొయ్యి వేడెక్కింది. గొట్టం అడుగున ముక్కల మీద తడి కనిపించింది. థర్మామీటర్ యాభై చూపించింది, అరవై, డెబ్బై. మొదటి గొట్టం పట్టుకుని లోగనాథన్ కండెన్సర్ మూతి దగ్గర పెట్టాడు. ఈపాటికి రాలాలి. ఏమీ రాలలేదు. ఎనభై. తొంబై. శశికళ టీచర్ చీర చెంగుతో నుదురు తుడుచుకుంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొంబై ఆరు దగ్గర ఒక చుక్క పడింది. లోగనాథన్ గాజుకడ్డీకి చుట్టిన నూలు పోగును ఆ చుక్కలో తడిపి, బల్ల ఆ చివరకు తీసుకుపోయి పింగాణీ గిన్నెలో పెట్టి అగ్గిపుల్ల గీశాడు. మొదటి భాగమైతే అగ్గిపుల్ల దగ్గరికి రాగానే అందుకోవాలి. ఇది తటపటాయించి అంటుకుంది, పైన నల్లపొగ లేచింది.

"మొదటి భాగం ఎక్కడ?" అంది ఆఫీసరమ్మ. "మీ పాఠంలో ఉన్నది ఇందులో లేదే?"

మామ ఇక ఆగలేదు. తమిళం వదిలేసి తెలుగులోకి దిగాడు. "అమ్ముకున్నావా, తాగినావా? పదిహేడేండ్లు అన్నం పెట్టిన బడిరా ఇది! తాళం ఇట్లియ్యి."

లోగనాథన్ పొయ్యి స్విచ్చు ఆపాడు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. మొహం ఎప్పటిలా మగ్గం ముందు కూర్చున్న మొహమే. తర్వాత తెల్లచొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో నూలు పోగులు. నీలం, మెరూన్, ఆకుపచ్చ, మళ్లీ నీలం. కొన్నిటికి ఇంకా మైనం అంటుకుని ఉంది. ఒక్కోటి వేలితో విడదీసి వరుసగా పరిచాడు.

"సీసా మూసినప్పుడల్లా ఆ పొద్దు ఇంట్లో మగ్గం మింద ఏ రంగు లుంగీ ఉంటే ఆ రంగు పోగు మైనంలో ఒత్తుతా సామీ. మా నాయన నూలు మూటలకు అట్ల చేసేటోడు. ఎవురన్నా తెరిస్తే పోగు ఊడి కిందపడతాది. పదకొండు తూర్లు ఊడింది. పదకొండు తూర్లు మళ్లీ మూసినా. ఎవురని నేను అడగలా."

"ఏందిరా ఈ కత?" అన్నాడు మామ. "పోగులు తెచ్చి పరిస్తే పెట్రోలొస్తాదా?"

నా జేబులో నోట్‌బుక్ ఉంది. తీసి చూడాల్సిన పని లేదు, చూశాను. ఐదొందలు, నాలుగొందల తొంబై ఆరు, తొంబై ఒకటి... వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు.

నోరు మూసుకుని ఉంటే తాళం నాది. అది తెలుసు. బల్ల మీద రెండడుగుల దూరంలో ఉంది. కానీ ఆ పోగుల్ని గిల్లి కింద పడేసింది నా వేళ్లే. ఎదురుగా పరిచి ఉన్నాయి, రంగులతో సహా.

"నేనే తెరిచింది," అన్నాను.

మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసరమ్మకు తెలుగు అర్థం కాలేదు. శశికళ టీచర్ చెప్పింది. ఆఫీసరమ్మ నన్ను దగ్గరికి పిలిచి తమిళంలోనే అడిగింది.

"తెరిచి ఏం చేశావు?"

"కొలిచాను మేడమ్."

"దేంతో?"

"కొలజాడీలో పోసి."

"ఎక్కడ పెట్టి?"

"ఆ కిటికీ దగ్గర. అంకెలు బాగా కనిపిస్తాయని."

"ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు. ఒక్కోసారి పది."

గోడ దగ్గర వరుసలో లోకేశ్వరి అనే అమ్మాయి ఉంది. రెండు జడలు, మొహం నిండా పౌడరు. టీచర్ అడగకముందే చెయ్యెత్తింది. "తేలికది ముందర లేస్తాది గదా మిస్? ఆ అన్న కిటికీ కాడ పోసినప్పుడల్లా అదే లేచి పోయింటాది. మిగిలింది బరువుది." పిల్లలు గొల్లుమన్నారు. శశికళ టీచర్ కసిరింది గానీ ఆమెకూ నవ్వు ఆగలేదు.

దొంగను పట్టుకోవడానికి నేను కొలిచిన ప్రతిసారీ దొంగతనం చేసింది నేనే. నోట్‌బుక్ లో రాసుకున్నది నా లెక్కే. రెండేళ్ల కెమికల్ ఇంజనీరింగ్!

ఆఫీసరమ్మ గడియారం చూసుకుని, భోజనం చేసి వస్తానంది. ఈలోపు ఫ్లాస్కు చల్లారనిచ్చి, కొత్తగా పెట్రోలు కలిపి, మళ్లీ చేసి చూపించమంది. "ఆయనే చెయ్యాలి," అని లోగనాథన్ వైపు వేలు చూపించింది. మామ బల్ల కింద డబ్బా నేనే మోసుకొచ్చాను. లోగనాథన్ నా చేతిలోంచి అందుకోలేదు. కింద పెట్టమని సైగ చేసి, నేను వెనక్కి జరిగాక తీసుకున్నాడు.

రెండోసారి అరవై దాటగానే చుక్కలు రాలాయి. నీళ్లలాగా తేటగా. పోగు తడిపి అగ్గిపుల్ల చూపిస్తే తాకకముందే అందుకుంది. తెల్లని మంట, పొగ లేదు. మంట ఆరాక పోగు ఎత్తి చూపించాడు, కొసన మాత్రం గోధుమరంగు. తర్వాతి గొట్టం కొంచెం పసుపు, ఆ తర్వాతది ఇంకొంచెం చిక్కన, నాలుగోదానికి అగ్గిపుల్లలు మూడు పట్టాయి. పిల్లలు నాలుగు కాలిన పోగులూ చేతుల్లో పెట్టుకుని చూశారు. ఆఫీసరమ్మ గాజుల గొట్టాన్ని ఫోటో తీసుకుంది. కాగితం తీసి అతని పూర్తి పేరు, తండ్రి పేరు అడిగి రాసుకుంది. తండ్రి పేరు రామన్ అని లోగనాథన్ రెండుసార్లు చెప్పాడు.

మామ నన్ను బయట వేపచెట్టు కిందికి లాక్కుపోయాడు. "నీకోసం గదరా చేసింది! నోరు మూసుకోని ఉంటే నీ సొమ్మేం పోతాది?" నేనేమన్నా తిట్లు ఆగేలా లేవు. మరునాటి నుంచి స్కూలుకు పోలేదు.

ఇప్పుడు నేను బస్టాండు వెనక మెకానిక్ షెడ్డులో పని చేస్తున్నాను. ఈ పనిలో చేతులు ఖాళీగా ఉండవు, అదే నాకు సరిపోయింది. లోగనాథన్ కాలిన ఆయిల్ కోసం వచ్చేది ఈ షెడ్డుకే. మొదటిసారి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక్కి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. సీసా నా ముందు పెట్టాడు. నేను నింపుతుంటే మట్టం మీంచి కన్ను తియ్యలేదు.

"పోస్టు వచ్చిందా అన్నా?"

"వచ్చింది."

"చిన్నమణోళ్ల వీధిలో ఇప్పుడు ఏమంటారు?"

"ఏమంటారు! మునుపు సూనియం అన్నారు. ఇప్పుడు ఆఫీసరమ్మకే మందు పెట్టినానంటారు." అది అతని నోట విన్న మొదటి హాస్యం. మొహం మాత్రం మారలేదు.

కార్కు బిగించి, మైనం ముక్క తీశాడు. షెడ్డులో నిప్పు వద్దని, బయట గట్టు మీద కూర్చుని కరిగించి, మూతి మీద పోశాడు. లుంగీ కొసలోంచి ఒక పోగు లాగి మైనంలో ఒత్తాడు. ఆ రోజు పసుపు.

"ఇంకా నమ్మకం లేదా అన్నా నామింద?"

సీసా ఎండకెత్తి తిప్పి చూసి సంచిలో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు నాయనా. ఆ పొద్దు తాళం బల్ల మింద ఉండాది. నువ్వు నోరు తెరవకపోతే నీదే. ఎందుకు చెప్పినావు? నీకేం కావల్ల నాకాడి నుంచి?"

"ఏమీ వద్దన్నా. చెప్పల్లని అనిపించింది."

నా మొహాన్ని చాలాసేపు చూశాడు, గాజుముక్కను ఎండకెత్తి పూత ఉందా లేదా చూసినట్టు. తర్వాత సంచి మూతికి ముడి వేశాడు. ఎడమ పక్కకు. రెండు ముడులు.